ఆరుద్ర చుక్క ఎంత దూరం? పుస్తకానికో లెక్క!

ఈసారి ఉత్తరాలన్నీ ఆకాశం మీదే పడ్డాయి. పోయిన సంచికలో తోకచుక్కల గురించి నాలుగు ముక్కలు రాసినందుకేమో, దూరాలెలా తెలుస్తాయి, బరువులెలా తెలుస్తాయి అని వరసపెట్టి అడిగారు. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేసి రాస్తున్నా. పేరు వెయ్యొద్దన్నవాళ్ళే ఎక్కువ కాబట్టి అందరికీ ఊరు పేరు మాత్రమే వేస్తున్నా.

ప్రశ్న (బాపట్ల): ఫలానా చుక్క 11 కాంతి సంవత్సరాలు, ఫలానాది 500 కాంతి సంవత్సరాలు అని ధీమాగా రాసేస్తారు. ఎవరైనా వెళ్ళి టేపు పట్టి చూశారా? అంతా ఉజ్జాయింపే అని నేనంటే మా బావగారు ఒప్పుకోవట్లేదు, పందెం దాకా వెళ్ళింది.

జవాబు: ఎవరూ వెళ్ళలేదు, అక్కడి వరకు పందెం మీదే. కానీ ఉజ్జాయింపు అనే ముక్క దగ్గర బావగారు గెలుస్తారండి.

చంద్రుడి దాకా అయితే లేజర్ కొట్టి, అది తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో చూసుకుంటే సరిపోతుంది, రెండున్నర సెకన్లు. శుక్రుడికి రాడార్ పంపించారు. చుక్కలకి ఈ పద్ధతి కుదరదు, ఎందుకంటే అన్నిటికన్నా దగ్గరున్న ప్రాక్సిమాకి ఇవాళ సిగ్నల్ పంపితే జవాబు రావాల్సింది ఎనిమిదిన్నరేళ్ళ తర్వాత, అదీ తిరిగొస్తే, అంత దూరం వెళ్ళి వచ్చేసరికి అందులో పట్టుకోవడానికి ఏమీ మిగలదు. అందుకని సర్వేవాళ్ళు ఏరు దాటకుండానే ఏటి వెడల్పు చెప్పే పద్ధతి పెట్టుకున్నారు. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతోంది కదా, జనవరిలో మనం ఉన్నచోటికీ జూలైలో ఉన్నచోటికీ మధ్య 30 కోట్ల కిలోమీటర్లు. ఆ చివర్న ఒకసారి ఈ చివర్న ఒకసారి అదే చుక్కని ఫొటో తీస్తే, వెనకాల ఎక్కడో దూరంగా ఉన్న చుక్కల మీద ఇది కొంచెం జరిగినట్టు కనపడుతుంది. ఆ జరుగుడులో సగాన్ని పారలాక్స్ అంటారు. త్రికోణంలో ఒక భుజం తెలుసు, కోణం తెలుసు, మిగతాది పదో తరగతి ట్రిగొనామెట్రీ.

వినడానికి ఇంత తేలికైన పని 1838 దాకా ఎవరి వల్లా కాలేదు, కారణం ఆ కోణం మరీ చిన్నది కావడమే. ఒక డిగ్రీని 3,600 ముక్కలు చేస్తే ఒక్కో ముక్క ఒక ఆర్క్ సెకండ్. సూర్యుణ్ణి పక్కన పెడితే ఆకాశంలో ఏ ఒక్క చుక్కకీ పారలాక్స్ ఒక ఆర్క్ సెకండ్ లేదు. జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త బెసెల్ 61 సిగ్ని అనే మసక చుక్కకి కొలిచి చెప్పింది 0.314 ఆర్క్ సెకండ్లు, అంటే 14 కిలోమీటర్ల అవతల నిలబెట్టిన రూపాయి బిళ్ళ ఎంత కనపడుతుందో అంత. ఆయన వాడిన హీలియోమీటర్ నాకు మహా ఇష్టమైన పరికరం. టెలిస్కోప్ ముందుండే పెద్ద లెన్సుని రంపంతో కోసినట్టు మధ్యకి రెండు ముక్కలు చేస్తారు (ఆ కోసినవాడి గుండె ధైర్యం చూడండి), ఆ ముక్కల్ని ఒకదాని పక్కన ఒకటి స్క్రూతో జరుపుకుంటూ పోతే రెండు చుక్కల బొమ్మలు ఒకదాని మీదకి ఒకటి వస్తాయి, అప్పుడు స్క్రూ ఎంత తిరిగిందో చదువుకోవడమే. దూరం 10.3 కాంతి సంవత్సరాలని తేల్చాడు, ఇప్పటి లెక్క 11.4. 1838లో, కంటితో చూసి, పది శాతం తేడాలో! కేప్ ఆఫ్ గుడ్ హోప్ దగ్గర హెండర్సన్ అనే ఆయన ఆల్ఫా సెంటారీని ఇంకా ముందే కొలిచాడు గానీ వెంటనే ప్రచురించకుండా కూర్చున్నాడు, పేరు బెసెల్‌కి పోయింది.

పారలాక్స్ సరిగ్గా ఒక ఆర్క్ సెకండ్ ఉంటే దూరం ఒక పార్సెక్, అంటే 3.26 కాంతి సంవత్సరాలు. అరసెకండ్ ఉంటే రెండు పార్సెక్కులు, పదో వంతు ఉంటే పది. బావగారికి ఈ ఒక్క లెక్క చెప్తే చాలు. 2013 డిసెంబర్‌లో యూరప్ వాళ్ళు పంపిన గయా ఉపగ్రహం దగ్గరదగ్గర 150 కోట్ల చుక్కలకి పారలాక్స్ కొలిచి, 2025 మార్చిలో పని ముగించుకుంది. కాస్త వెలుగున్న చుక్కల విషయంలో దాని తప్పు ఒక ఆర్క్ సెకండ్‌లో 50 వేల వంతు, ఇందాకటి రూపాయి బిళ్ళని చంద్రుడి దారిలో సగం దాటించి పెట్టినా కనిపెట్టేస్తుందన్నమాట. దీన్ని ఉజ్జాయింపు అంటే ఎలాగండీ.

ప్రశ్న (జగిత్యాల): మా పాప స్కూల్ ప్రాజెక్టు కోసం ఆరుద్ర నక్షత్రం, అదే బెటెల్‌జూస్, ఎంత దూరమో వెతికాం. ఒక పుస్తకంలో 430 కాంతి సంవత్సరాలు, ఇంకోదాంట్లో 640, ఒక సైటులో 720, మరోచోట 550. టీచర్ ఒక్క అంకె రాయమన్నారు. ఏది రాయాలి?

జవాబు: ఈ నెల వచ్చినవాటిలో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇదే. నాలుగూ నిజంగా కొలిచినవే, గాల్లోంచి తీసినవి కావు. 430 అనేది హిప్పార్కస్ ఉపగ్రహం 1997లో ఇచ్చిన లెక్క. 640 అనేది 2008లో రేడియో టెలిస్కోపుల కొలతలు కూడా కలిపి సరిచేసింది, అదే దారిలో 2017లో ఇంకోసారి చేస్తే 720 దాటింది, 2020లో వేరే బృందం చుక్క ఉబ్బి తగ్గే తీరుని బట్టి లెక్కకడితే 550 దగ్గరకొచ్చింది.

మరి అంత కళ్ళు చెదిరే చుక్కకి ఇంత గొడవేంటి, మసక చుక్కలకేమో ఖచ్చితంగా చెప్తారు కదా అని అనుమానం రావాలి. గొడవంతా అది పెద్దది కావడం వల్లే. పారలాక్స్ అంటే ఆ చుక్క దగ్గర నిలబడి చూస్తే భూమికీ సూర్యుడికీ మధ్య దూరం ఎంత కోణంలో కనపడుతుందో అంతే కదా, ఇప్పుడు ఆరుద్రని తీసుకొచ్చి సూర్యుడి స్థానంలో పెడితే భూమి కక్ష్య దాని పొట్టలోకి పోతుంది, అంగారకుడు కూడా పోతాడు. దాని బింబం వెడల్పు పారలాక్స్‌కి ఏడు రెట్లు. అంటే మనం కొలవాల్సిన కదలిక ఆ చుక్క సొంత వెడల్పులో ఏడో వంతు. పోనీ బింబం శుభ్రంగా గుండ్రంగా ఒకే వెలుగుతో ఉంటే దాని నడిమధ్య పట్టుకుని కొలుచుకోవచ్చు, అదీ కాదు, ఉపరితలం మీద వేడి గ్యాసు పెద్దపెద్ద పొంగుల్లా కుతకుత ఉడుకుతూ ఉంటుంది, ఈ నెల ఒక పక్క మెరిస్తే కొన్ని నెలలకి ఇంకోపక్క మెరుస్తుంది, దాంతో వెలుగు మధ్యబిందువే అటూ ఇటూ నడుస్తుంది. ఆ నడక ఏదో, భూమి తిరగడం వల్ల వచ్చిన జరుగుడు ఏదో విడదీయాలి. ఇంత చెప్పాక గయాని అడుగుదామా అంటే, మసక చుక్కల కోసం తయారైన ఆ కెమెరాకి ఆరుద్ర వెలుగు మరీ ఎక్కువ, పనికిరాలేదు.

2020 వాళ్ళ పద్ధతి వేరు. ఆరుద్ర సుమారు 416 రోజులకొకసారి ఉబ్బి తగ్గుతుంది. చుక్క ఎంత పెద్దదైతే ఆ ఊపు అంత నెమ్మది. ఊపుని బట్టి అసలు సైజు కట్టారు, సూర్యుడికి 760 రెట్ల చిల్లర. కనిపించే సైజు ఎటూ తెలుసు, రెండూ కలిపితే దూరం. దీంట్లోనూ పైకి 90, కిందకి 50 కాంతి సంవత్సరాల తేడా ఉండొచ్చని వాళ్ళే రాసుకున్నారు.

కాబట్టి పాపని 550 రాయమని, పక్కనే 500 నుంచి 700 మధ్య అని కూడా రాయమనండి. టీచర్ మార్కు కోసేస్తే ఈ పేజీ చూపించండి. ఆ పక్కన రాసేది అలంకారం కాదు, ఎందుకంటే దూరం మారితే చుక్క తాలూకు మిగతా వివరాలన్నీ దాంతోపాటే మారిపోతాయి. 550 బదులు 720 అనుకుంటే చుక్క సైజు మూడోవంతు దాకా పెరుగుతుంది, అసలు వెలుగు 70 శాతం పెరుగుతుంది, దాన్నిబట్టి బరువు, దాన్నిబట్టి ఎప్పుడు పేలుతుందనే లెక్క, అన్నీ కదులుతాయి. 2019 చివర్లో అది మసకబారినప్పుడు రేపే పేలిపోతోందని టీవీల్లో ఒకటే హడావుడి చేశారు గుర్తుందా, తర్వాత చూస్తే అది తనే కక్కిన ధూళి అడ్డమొచ్చింది.

ఇంకో ముక్క, అడక్కపోయినా చెప్తా. ఆరుద్ర కార్తెలో ఆరుద్ర చుక్క కోసం వెతక్కండి, జూన్ చివర్లో సూర్యుడు ఆ దగ్గర్లోనే ఉంటాడు కాబట్టి అసలు కనపడదు. జనవరి రాత్రుళ్ళు బాగుంటుంది.

ప్రశ్న (కాకినాడ): కృత్తికల దూరం మీద కూడా శాస్త్రవేత్తలు కొట్టుకున్నారట, నిజమేనా?

జవాబు: కొట్టుకోలేదు గానీ దాదాపు ఇరవై ఏళ్ళు వాదించుకున్నారు. మన పల్లెల్లో పిల్లలకోడి అనే ఆ గుంపుని హిప్పార్కస్ 385 కాంతి సంవత్సరాల దగ్గర పెట్టింది, మిగతా పద్ధతులన్నీ 435, 440 అన్నాయి. ఉపగ్రహం చెప్పిందే రైటైతే మామూలు చుక్కలు ఎంత వెలగాలో మనకున్న అవగాహనే తప్పు కావాలి, అందుకే అంత పట్టుదల. చివరికి 2014లో రేడియో కొలతలు, ఆ తర్వాత గయా, రెండూ 444 దగ్గర తేలాయి. ఉపగ్రహమే పొరబడింది.

ప్రశ్న (తెనాలి): ఈ మధ్యే మా పెళ్ళయింది. అరుంధతీ నక్షత్రం చూపించారు, ముహూర్తం మధ్యాహ్నం పన్నెండింటికి కాబట్టి పంతులుగారు వేలెత్తితే ఇద్దరం కనపడిందని తలూపేశాం. అసలు అవెంత దూరంలో ఉన్నాయి, చుక్కల బరువు ఎలా తూస్తారు?

జవాబు: శుభాకాంక్షలు. ఆ తలూపడం తెలుగువాళ్ళందరూ చేసిందే, ఏం పర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో రాత్రి తొమ్మిదింటికి మేడ మీదికెళ్ళి ఉత్తరం వైపు సప్తర్షులు చూడండి, తోకలో మధ్యది వశిష్ఠుడు, దాన్ని అంటిపెట్టుకుని మసగ్గా ఉండేది అరుంధతి. ఒకటి 83, ఇంకోటి 82 కాంతి సంవత్సరాల దూరం.

ఇప్పుడు మీ రెండో ప్రశ్నకి కూడా ఇక్కడే జవాబుంది, ఎందుకంటే ఒంటరి చుక్కని తూయడం కష్టం, జంటనైతే తూయొచ్చు. టెలిస్కోపులో వశిష్ఠుడు రెండుగా విడిపోతాడు. అందులో వెలుగున్నదాని కాంతిని పట్టకంతో విడగొట్టి చూస్తే గీతలు ఒకసారి ఒంటిగా, కొన్ని రోజులకి జంటగా, మళ్ళీ ఒంటిగా కనపడుతున్నాయని 1889లో హార్వర్డ్‌లో పికరింగ్ ప్రకటించాడు. అంటే అదీ రెండు చుక్కలే, ఒకటి మనవైపు వస్తుంటే ఇంకోటి దూరంగా పోతోంది, 20 రోజుల 13 గంటలకి ఒక చుట్టు. గీత ఎంత జరిగిందో చూస్తే వేగం తెలుస్తుంది, వేగం, చుట్టుకి పట్టే టైము, కక్ష్య ఎంత వాలి ఉందో ఈ మూడూ తెలిస్తే మధ్య దూరం వస్తుంది, సుమారు 3.6 కోట్ల కిలోమీటర్లు, బుధుడికీ సూర్యుడికీ మధ్య ఉన్నంత కూడా లేదు. ఇంత దగ్గర్లో ఇంత వేగంగా తిప్పాలంటే ఎంత బరువుండాలో కెప్లర్ నియమం చెప్తుంది, ఒక్కోటీ సూర్యుడికి 2.2 రెట్లు. ఆకాశంలో ఏ చుక్క బరువైనా చివరికి ఇలాంటి ఏదో ఒక జంట దగ్గర నేర్చుకున్న లెక్కే.

వశిష్ఠుడి రెండో భాగం కూడా జంటే. అరుంధతికి కూడా ఒక బుల్లి తోడు ఉందని 2009లో బయటపడింది. మొత్తం ఆరు చుక్కలు. పంతులుగారు చూపించింది రెండే అయినా.

ప్రశ్న (సిద్దిపేట): టెంపరేచర్ ఎలా చెప్తారు?

జవాబు: రంగుని బట్టి. కొలిమిలో ఇనుము ముందు ఎర్రగా, తర్వాత పసుప్పచ్చగా, ఇంకా కాలితే తెల్లగా అవుతుంది, చుక్కలూ అంతే. ఆరుద్ర 3,500 కెల్విన్ల దగ్గర, సూర్యుడు 5,772, మృగవ్యాధుడు అనే సిరియస్ దాదాపు పదివేలు. ఇంకా ఖచ్చితంగా కావాలంటే కాంతిలో నల్లగీతలు చూస్తారు, ఏ గీత ఏ వేడిలో బలంగా వస్తుందో 1920లో మన మేఘనాథ్ సాహా సూత్రం కట్టి ఇచ్చాడు. అది చేతిలో పెట్టుకునే 1925లో సిసీలియా పేన్ అనే అమ్మాయి చుక్కల్లో ఉన్నదంతా ముఖ్యంగా హైడ్రోజనే అని తేల్చింది, అప్పటి పెద్దలు ముందు నమ్మలేదు.

ప్రశ్న (డాలస్, అమెరికా): తాతగారి కాలం నాటి ఇంగ్లీషు పుస్తకంలో ఆండ్రోమెడా గెలాక్సీ 9 లక్షల కాంతి సంవత్సరాల దూరం అని ఉంది. ఇప్పుడు 25 లక్షలంటున్నారు. అంత వేగంగా దూరం వెళ్ళిపోయిందా?

జవాబు: తిరకాసేంటంటే అది దూరం వెళ్ళట్లేదు, మన దగ్గరికే వస్తోంది. మన పాలపుంతతో పోలిస్తే సెకండుకి సుమారు 110 కిలోమీటర్ల వేగం. అయినా కంగారేం లేదు, ఒక్క కాంతి సంవత్సరం దగ్గరవడానికి దానికి 2,700 ఏళ్ళు పడుతుంది. మారింది గెలాక్సీ కాదు, మన స్కేలు.

పారలాక్స్ అంత దూరం పనిచెయ్యదు. గయాకి కూడా 15 వేల కాంతి సంవత్సరాలు దాటితే తప్పు పది శాతం మించుతుంది, అక్కడ అడుగుతున్నదేమో 25 లక్షలు. అందుకని ఇంకో దారి. ఒక దీపం అసలు ఎంత వెలుగిస్తుందో తెలిస్తే, ఇక్కడికి ఎంత మసగ్గా కనపడుతోందో చూసి దూరం చెప్పొచ్చు, రెండింతలు దూరమైతే నాలుగోవంతు వెలుగు, మూడింతలైతే తొమ్మిదోవంతు. చిక్కల్లా అసలు వెలుగు ఎంతో తెలియడం దగ్గరే.

ఆ చిక్కు విప్పింది హెన్రియెటా లెవిట్. హార్వర్డ్ అబ్జర్వేటరీలో గంటకి 30 సెంట్ల జీతం మీద గాజు ఫొటో ప్లేట్లు చూసి చుక్కల వెలుగులు రాసుకునే ఉద్యోగం, టెలిస్కోపు దగ్గరికి ఆడవాళ్ళని రానివ్వని రోజులు. సెఫీడ్లు అని కొన్ని చుక్కలుంటాయి, క్రమం తప్పకుండా వెలుగు పెరిగి తగ్గుతుంటాయి. స్మాల్ మెజిల్లానిక్ క్లౌడ్ అనే గుంపులో ఇలాంటివి 25 పట్టుకుని, ఏది ఎక్కువ వెలుగుందో అది ఎక్కువ రోజులు తీసుకుంటోందని 1912లో చూపించింది. ఎందుకు ఆ గుంపే అంటే, అందులో చుక్కలన్నీ మన నుంచి దాదాపు ఒకే దూరం, కాబట్టి ఎక్కువ మెరిసేది నిజంగానే ఎక్కువ వెలుగున్నది, దగ్గరున్నందువల్ల కాదు. ఇంత చిన్న తెలివైన ఆలోచన మీద మొత్తం గెలాక్సీల దూరాలు నిలబడ్డాయి! ఇక పాలపుంతలోని సెఫీడ్లు కొన్నిటికి దూరం కొలిచేసుకుంటే చాలు, ఎక్కడ సెఫీడ్ కనపడినా రోజులు లెక్కపెట్టుకుని దూరం చెప్పేయొచ్చు. ఆవిడ 1921లో క్యాన్సర్‌తో పోయింది. నోబెల్‌కి పేరు పంపుదామని 1925లో స్వీడన్ నుంచి ఒక గణిత శాస్త్రవేత్త ఉత్తరం రాస్తే, అప్పటికే ఆవిడ పోయి మూడేళ్ళు దాటిందని తెలిసింది.

1923 అక్టోబర్‌లో మౌంట్ విల్సన్ మీద నూరంగుళాల టెలిస్కోపుతో ఎడ్విన్ హబుల్ ఆండ్రోమెడా ఫొటో తీశాడు. కొత్తగా కనపడిన మూడు చుక్కల పక్కన నోవా (ఉన్నట్టుండి భగ్గుమనే చుక్క) అని గుర్తుగా ఎన్ అక్షరం పెట్టుకున్నాడు, పాత ప్లేట్లతో పోల్చి చూస్తే వాటిలో ఒకటి 31 రోజులకోసారి వెలుగు మారుతున్న సెఫీడ్, ఎన్ కొట్టేసి పక్కనే వేరియబుల్ అనే మాటని పొట్టిగా రాసి ఆశ్చర్యార్థకం కొట్టాడు. ఆ ప్లేటు ఇప్పటికీ ఉంది. మీ తాతగారి పుస్తకంలో 9 లక్షలు అక్కడ్నుంచి వచ్చిందే. అప్పటిదాకా ఆండ్రోమెడా మన పాలపుంతలోనే ఉన్న మబ్బు అని సగంమంది నమ్ముతున్నారు, ఆ ఒక్క చుక్కతో ఆ వాదన చచ్చిపోయింది.

మరి 9 నుంచి 25? సెఫీడ్లు రెండు రకాలని హబుల్‌కి తెలీదు. రెండో ప్రపంచ యుద్ధంలో లాస్ ఏంజెలెస్ అంతా దీపాలార్పేసి చీకటి చేశారు, ఖగోళ శాస్త్రవేత్తలు చాలామంది యుద్ధం పనులకి వెళ్ళిపోయారు, వాల్టర్ బాడె మాత్రం జర్మన్ కాబట్టి శత్రుదేశస్థుడని ఆ పనుల్లోకి రానివ్వలేదు, దాంతో ఆ పెద్ద టెలిస్కోపు, ఆ చీకటి, రెండూ ఆయనకే దక్కాయి. ఆండ్రోమెడా నడిమధ్య చుక్కల్ని విడివిడిగా ఫొటో తీసి, చుక్కల్లో రెండు తరాలున్నాయని 1944లో చెప్పాడు. 1952కల్లా తేలిందేమిటంటే హబుల్ చూసినవి ఎక్కువ వెలుగుండే రకం, వాడిన స్కేలేమో తక్కువ వెలుగు రకానిది. ఒక్క దెబ్బకి గెలాక్సీల దూరాలన్నీ రెండింతలయ్యాయి. అంతకుముందు విశ్వం వయసు 200 కోట్ల ఏళ్ళే వస్తుండేది, భూమి వయసు అంతకన్నా ఎక్కువ తేలుతోందని భూగర్భ శాస్త్రజ్ఞులు నెత్తి కొట్టుకునేవారు, ఆ తలనొప్పి కూడా తగ్గడం మొదలైంది. తాతగారి పుస్తకం పారేయకండి.

ప్రశ్న (విశాఖపట్నం): ఇదంతా తెల్లవాళ్ళ కథే. మనవాళ్ళు ఎవరూ ఏమీ చెయ్యలేదా?

జవాబు: మీ ఊరి నుంచే మొదలుపెడతా. పారలాక్స్‌కి ఆధారం భూమికీ సూర్యుడికీ మధ్య దూరం, అది కొలవడానికి పాతరోజుల్లో ఉన్న మంచి దారి శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడం. 1874 డిసెంబర్ 9న అలా దాటినప్పుడు విశాఖలో సొంత అబ్జర్వేటరీ నుంచి అంకితం వెంకట నరసింగరావుగారు చూసి లెక్కలు తీశారు. ఆ అబ్జర్వేటరీని 1840లో పెట్టింది వాళ్ళ మామగారు గోడే వెంకట జగ్గారావుగారు. దీనికి వందేళ్ళ ముందు ఇదే పనికి పుదుచ్చేరి వచ్చిన లె జెంటిల్ అనే ఫ్రెంచాయన కథ ఎంత చెప్పుకున్నా తరగదు. 1761 నాటి దాటుడికి వస్తే ఓడ సముద్రంలో ఉండగా పుదుచ్చేరి ఇంగ్లీషువాళ్ళ చేతిలో పడింది, నడిసముద్రంలో ఊగుతూ చూసిన చూపు దేనికీ పనికిరాలేదు, సరే మళ్ళీ ఎనిమిదేళ్ళకి వస్తుంది కదా అని ఇంటికెళ్ళకుండా ఇటే ఉండిపోయాడు, 1769 జూన్ 4 పొద్దున సరిగ్గా ఆ టైముకి మబ్బు పట్టింది. ఉసూరుమంటూ ఫ్రాన్స్ వెళితే పోయాడనుకుని వారసులు ఆస్తి పంపకాల్లో ఉన్నారు.

మచిలీపట్నానికి కూడా ఒక బంధం ఉంది. చుక్కల వెలుగుని మాగ్నిట్యూడ్లలో చెప్తారు, అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు, ఐదు మాగ్నిట్యూడ్ల తేడా అంటే సరిగ్గా వంద రెట్లు, ఈ లెక్క 1856లో పెట్టింది నార్మన్ పోగ్సన్. ఆయన తర్వాత మద్రాస్ అబ్జర్వేటరీకి వచ్చి ముప్ఫై ఏళ్ళు పనిచేసి అక్కడే పోయాడు. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని మచిలీపట్నం నుంచి చూశాడు, అదే రోజు గుంటూరులో ఫ్రెంచ్ శాస్త్రవేత్త జాన్సెన్ ఉన్నాడు.

హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీది ఇంకా పెద్ద పని. ఆకాశం మొత్తాన్ని ముక్కలుగా పంచుకుని ఫొటో తీసే అంతర్జాతీయ ప్రాజెక్టులో ఒక వంతు దానికి వచ్చింది, ఏళ్ళ తరబడి ప్లేట్లు తీసి 7 లక్షల పైచిలుకు చుక్కల స్థానాలు అచ్చేశారు. పాత సామానని అనుకోకండి, హిప్పార్కస్ ఉపగ్రహం కొలతలతో ఈ పాత కేటలాగులన్నిటినీ పోల్చే 2000లో 25 లక్షల చుక్కలు ఎటు ఎంత వేగంగా కదులుతున్నాయో లెక్కకట్టారు. మధ్యలో ఇన్ని దశాబ్దాల ఎడం ఎక్కడ దొరుకుతుంది మరి.

ఆ నిజామియాలో పనిచేసినాయన కొడుకే వేణు బప్పు. నిజాం కాలేజీలో చదివి, హైదరాబాద్ ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద హార్వర్డ్ వెళ్ళాడు. ఎర్రటి, పసుప్పచ్చ చుక్కల కాంతిలో కాల్షియం తాలూకు ఒక వెడల్పాటి నల్లగీత ఉంటుంది, దాని మధ్యలో సన్నటి వెలుగుగీత. ఆ వెలుగుగీత ఎంత వెడల్పుంటే చుక్క అసలు వెలుగు అంత ఎక్కువ అని ఓలిన్ విల్సన్, బప్పు కలిసి 1957లో చూపించారు. అంటే చుక్క ఊగక్కర్లేదు, జంటగా ఉండక్కర్లేదు, ఒక గీత వెడల్పు కొలిస్తే దూరం వచ్చేస్తుంది. ప్రపంచమంతా దాన్ని విల్సన్-బప్పు ఎఫెక్ట్ అంటుంది, మన హైదరాబాద్‌లో ఆ పేరు ఎంతమందికి తెలుసో మీరే చెప్పండి.

ప్రశ్న (కర్నూలు): విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్ళంటారు, మళ్ళీ ఏదో గెలాక్సీ 3,400 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉందంటారు. కాంతికన్నా వేగం లేదన్నప్పుడు ఇదెలా కుదురుతుంది?

జవాబు: ఆ గెలాక్సీని జేమ్స్ వెబ్ టెలిస్కోపు పట్టుకుంది, 2024లో వార్తల్లోకొచ్చింది. దాని కాంతి బయల్దేరి 1,350 కోట్ల ఏళ్ళు, అక్కడిదాకా బాగానే ఉంది. ఆ కాంతి దారిలో ఉండగా మధ్యనున్న చోటే సాగుతూ పోయింది, కాబట్టి ఇప్పుడు ఆ గెలాక్సీ ఎక్కడుంటుందని లెక్కేస్తే 3,400 కోట్లు వస్తుంది. గెలాక్సీ ఏమీ కాంతిని మించి పరిగెత్తలేదు, రోడ్డే పొడుగయింది. ఎంత సాగిందో కాంతే చెప్తుంది, 0.12 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర కనపడాల్సిన హైడ్రోజన్ గుర్తు 1.85 మైక్రాన్ల దగ్గర దొరికింది, పదిహేను రెట్లు.

అయితే సాగుడు రేటు ఎంత అన్నదాని మీద మాత్రం ఇప్పటికీ పంచాయితీ నడుస్తోంది. సెఫీడ్లు, వాటి మీద ఆధారపడ్డ, పేలిపోయే చుక్కలైన సూపర్‌నోవాలు పట్టుకుని మెట్టుమెట్టుగా పోతే 73 వస్తోంది, విశ్వం పసిప్రాయంలో వదిలిన మైక్రోవేవ్ వెలుగు నుంచి లెక్కేస్తే 67 చిల్లర. కిలోమీటర్లు, సెకండుకి, ప్రతి పది లక్షల పార్సెక్కులకి, అంటే ఒక్కో మెగాపార్సెక్‌కి. రెండువైపులా తప్పుకి ఒప్పుకున్న తేడా దీనికన్నా చాలా తక్కువ. కృత్తికల కథ తెలిసినవాణ్ణి కాబట్టి కొత్త ఫిజిక్స్ అని ఎగిరేముందు ఇంకో పదేళ్ళు ఆగొచ్చని నాకనిపిస్తుంది, ఆగనివాళ్ళు ఆగట్లేదు.

ప్రశ్న (వరంగల్, ఇంటర్ స్టూడెంట్): టెలిస్కోపు కొనే డబ్బుల్లేవు సార్. ఇందులో నేను సొంతంగా చేయగలిగింది ఏదైనా ఉందా?

జవాబు: ఉంది, కళ్ళు చాలు. శ్రవణా నక్షత్రం తెలుసుగా, ఆల్టెయిర్. దానికి దక్షిణంగా ఈటా అక్విలే అనే సెఫీడ్ ఉంది, 1784లో ఇంగ్లండ్‌లోని యార్క్‌లో ఎడ్వర్డ్ పిగాట్ కనిపెట్టాడు. అదే ఏడాది పక్కింటి కుర్రాడు, పసితనంలోనే చెవుడు వచ్చినవాడు, జాన్ గుడ్‌రిక్, డెల్టా సెఫీ అనేదాన్ని పట్టుకున్నాడు, సెఫీడ్లకి ఆ పేరే వచ్చింది. అప్పటికి అతనికి ఇరవై. నీ వయసువాడే.

ఈటా అక్విలే 3.5 మాగ్నిట్యూడ్ నుంచి 4.4 దాకా తగ్గి మళ్ళీ పెరగడానికి ఏడు రోజుల నాలుగు గంటలు తీసుకుంటుంది. అక్టోబర్, నవంబర్‌లో వానలు వెళ్ళాక చీకటి పడగానే మొదలుపెట్టు, ఊరి లైట్లకి కాస్త దూరంగా. ఫోన్‌లో ఫ్రీగా దొరికే ఏదైనా స్కై మ్యాప్ యాప్ తెరిస్తే ఆ దగ్గర్లోనే డెల్టా అక్విలే, అయోటా అక్విలే అని రెండు మారని చుక్కలు కనపడతాయి, మొదటిది 3.4, రెండోది 4.4. ప్రతి రాత్రీ ఒకే టైముకి, ఈటా ఈ రెండిటి మధ్య ఎక్కడుందో అంకె వేసుకుని నోట్‌బుక్‌లో రాయి, ముందురోజు రాసింది చూడకుండా రాయి, చూస్తే చెయ్యి దానంతటదే అటే పోతుంది. మబ్బు పడితే మబ్బు అని రాసెయ్, ఊహించి నింపొద్దు. ఓ నెలన్నర అయ్యాక ఆ కాగితాలు ఫొటో తీసి మాకు పంపు, గ్రాఫ్ వేసి ఈ పేజీలోనే వేస్తాం.